బెల్టు మీద పంతొమ్మిదేళ్ళు, కడిగేసిన ఒక మూట

"కడిగేశావా? అమ్మమ్మా, మొత్తం కడిగేశావా?"

"కడక్కుండా ఇంట్లో పెట్టుకుంటామా? బేస్‌మెంట్ అంతా చచ్చిన చేపల కంపు."

"అవి శాంపిల్స్! గార్బేజ్ కాదు!"

"శాంపిల్సో గింపిల్సో. ప్లాస్టిక్ గురించి నువ్వు నాకు చెప్పకు. నువ్వు కేజీలో ఉన్నప్పటి నుంచి నేను ప్లాస్టిక్ ఏరినదాన్ని."

"దీనిమీద పచ్చగా పాచి ఉండాలి. అదేది?"

"ఒక పట్టాన వదల్లేదు. బ్రెడ్డుకి వెన్న రాసే చాకు పెట్టి గీకాను."

"ఓ మై గాడ్. అడుగున ఇసక ఉండాలి, చిన్న చిన్న పీసెస్ ఉండాలి. అవెక్కడ?"

"నీళ్ళతోబాటు పోయాయి."

"సింక్‌లోకా?"

"రెండు బకెట్ల నీళ్ళు సింక్‌లో పారబోస్తానా? గోంగూర మడిలో పోశాను."

నా మనవరాలు కీర్తన బేస్‌మెంట్ మెట్ల మీద కూలబడింది. బట్టలారేసే స్టాండు మీద తాళ్ళు, వలముక్కలు, సీసాలు, డబ్బా మూతలు, పగిలిన పెట్టె చెక్కలు తళతళలాడుతూ ఆరుతున్నాయి. నేను వాటిని ఏ రకానికి ఆ రకం విడదీసి మరీ ఆరేశాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

"సాయం చేద్దామనుకున్నాను. నువ్వు ప్రయాణం చేసొచ్చి పడుకున్నావు కదా," అన్నాను.

"సాయం ఎవరడిగారు నిన్ను? ఎవ్రీథింగ్ కడుగుతావు నువ్వు! పెరుగు డబ్బా కడుగుతావు, జిప్ కవర్లు కడుగుతావు, ఫాయిల్ కడుగుతావు!"

"కడగబట్టే మీ అమ్మా నువ్వూ శుభ్రంగా బతికారు."

అప్పుడది ఏడవడం మొదలుపెట్టింది. కాసేపటికి ముక్కు తుడుచుకుని, నాకేసి చూడకుండా, "మా ప్రొఫెసర్ మేడమ్‌కి ఫ్లైట్‌లో మూట చిరిగి తడిసిపోయిందని చెప్తాను," అంది.

నేను పైకి వెళ్ళి టీ పెట్టాను. కానీ అప్పటినుంచి నాకు మనసు మనసులో లేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా ఆ మాటే.

మన పిల్లలు ఇప్పుడు చాలామంది చదువుకుంటూ, చెత్త ఏరే ప్లాంట్లలో షిఫ్టులు చేస్తున్నారు. ఆ పని ఎలా ఉంటుందో మన సంఘం పత్రికకు రాయమని ఆ పత్రికవాళ్ళు గుడిలో కనిపించినప్పుడల్లా అడుగుతున్నారు. నేను నాలుగో తరగతితో బడి మానినదాన్ని. ఆ పనిలో చేరి ఎవరెవరు ఏ పదవికి వచ్చారో నాకు తెలియదు, దరఖాస్తుల సంగతి అసలే తెలియదు. నాకు తెలిసింది చేతుల పని. అదే రాస్తాను. ఇందులో నాకే అర్థం కానివి చాలా ఉన్నాయి. వాటినీ అలాగే రాస్తాను.

పొగాకు చేతులు

మాది ఒంగోలు దగ్గర పల్లె. పదేళ్ళ వయసులో నన్ను పొగాకు గ్రేడింగుకి పంపారు. గోదాములో ఆడవాళ్ళం వరసగా కూర్చుని ఆకుని రంగు చూసి, మందం చూసి, మచ్చ చూసి వేరు చేసేవాళ్ళం. కొన్నాళ్ళకి కళ్ళతో పని ఉండదు. బొటనవేలు ఆకు మీద ఆడిస్తే చాలు, ఇది ఏ కుప్పలోకో తెలిసిపోతుంది. ఏరిన ఆకు బేళ్ళు కట్టి పంపేవారు. ఎక్కడికి అని నేనెప్పుడూ అడగలేదు.

కెనడాకి వచ్చింది కీర్తనను పెంచడానికి. అది బడికి వెళ్ళాక ఇల్లు ఖాళీ అయింది. నాకు ఖాళీగా కూర్చోవడం చేతకాదు. స్కార్‌బరోలో మా ఇంటినుంచి ఒక బస్సు ఎక్కి, దిగి పావుగంట నడిస్తే ఆ ప్లాంటు. ఊరివాళ్ళు ప్లాస్టిక్, కాగితం, గాజు వేసే నీలం డబ్బాల్లోని చెత్త అంతా అక్కడికే వస్తుంది. యాభై ఒక్కేళ్ళ వయసులో చేరాను. మొదటిరోజు సూపర్‌వైజర్ రెండు సీసాలు ఇచ్చి తేడా చెప్పమన్నాడు. గయానా దేశపు మనిషి, నాకంటే చిన్నవాడే, అందరినీ ఆంటీ, అంకుల్ అనేవాడు. నేను సీసాలు చూడలేదు. నొక్కాను. ఒకటి చిటపటలాడింది, ఇంకోటి మూగగా నలిగింది. ఇది వేరు, అది వేరు అన్నాను.

"ఆంటీ, ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాడు.

"టొబాకో," అన్నాను. వాడు పగలబడి నవ్వాడు. నేను హాస్యమాడానని అనుకున్నట్టున్నాడు.

బెల్టు దగ్గర

కొత్తగా చేరే పిల్లలకి కొన్ని మాటలు. చెత్తని మోసుకుంటూ కదిలే బెల్టు వెంట కళ్ళు పరిగెత్తించకండి, తల తిరుగుతుంది. ఎదురుగా ఒక చోటు పెట్టుకోండి. ఆ చోటికి వచ్చిందే మీది. బెల్టు ఆగినప్పుడు కాళ్ళకింద నేల వెనక్కి పోతున్నట్టు ఉంటుంది, భయపడకండి, కడ్డీ పట్టుకోండి. కడుపునిండా తిని రాకండి. గ్లవ్స్ రెండు జతలు వేసుకోండి. సూదులుంటాయి, పగిలిన గాజు ఉంటుంది, వంటింటి కత్తులు ఉంటాయి, చచ్చిన ఉడతలు కూడా వచ్చాయి. పిల్లల డైపర్లు నీలం డబ్బాలో వేసే తల్లులను నేను ఇప్పటికీ క్షమించలేదు.

చదువుకున్న పిల్లలు ఈ పనిని చిన్నచూపు చూస్తారు. హెడ్‌ఫోన్ పెట్టుకుని సగం చేతులతో ఏరతారు. నేను మొహం మీదే చెప్పేదాన్ని: "నాయనా, చేస్తే చెయ్యి, లేకపోతే పక్కకి జరుగు, నీ ముక్కలు నా దగ్గరికి వస్తున్నాయి." నన్ను చూసి పారిపోయేవాళ్ళు. ఫరవాలేదు. వేళ్ళు తెగకుండా ఇంటికి వెళ్ళారు.

మా సూపర్‌వైజర్ చెప్పినవి రెండే రెండు సూత్రాలు. ఒకటి, మురికిగా ఉంటే అది చెత్త, శుభ్రంగా ఉంటే అది సరుకు. వేరుశెనగ వెన్న అంటుకున్న డబ్బా ఒక్కటి చాలు, దాని చుట్టూ ఉన్నవన్నీ పాడవుతాయి. రెండు, అనుమానం వస్తే వదిలెయ్. ఆలోచించడానికి నీ చేతిలో ఉన్న టైము రెండు సెకన్లు. తెలియకపోతే వెళ్ళనివ్వు, బెల్టు చివర ఇంకొకరు ఉంటారు.

మొదటి సూత్రం నా ఒంటికి పట్టేసింది. ఇంట్లో అన్నీ కడిగి పారేసేదాన్ని. పారేసేముందు కడగడం ఏమిటని మా అమ్మాయి నవ్వేది. రెండో సూత్రం మాత్రం నన్ను ఎప్పుడూ గుచ్చేది. బెల్టు చివర ఎవరున్నారు? నేను ఒకసారి చూసొచ్చాను. ఒక కుర్రవాడు ఉన్నాడు, వాడికీ తెలియకపోతే వాడూ వదిలేస్తాడు. వాడి వెనక గోడ ఉంది, గోడకి తలుపు ఉంది, తలుపు బయట లారీ ఉంది.

"మనం కట్టిన బేళ్ళు ఎక్కడికి పోతాయి?" అని సూపర్‌వైజర్ని అడిగాను.

"కొన్ని ఫ్యాక్టరీకి, కొన్ని ఓడ ఎక్కుతాయి ఆంటీ."

"ఓడ ఎక్కి?"

"నా పని ఈ తలుపు దాకానే," అన్నాడు.

మంచివాడే. అబద్ధం చెప్పలేదు. కానీ పంతొమ్మిదేళ్ళు ఒకే పని చేసి, చేసిన పని చివరకు ఏమైందో తెలియకుండా ఇంటికి రావడం సరైనదో కాదో నాకిప్పటికీ తేలలేదు.

నీలం తాడు

ఇప్పుడు నేను ఎవరికీ చెప్పని విషయం రాయాలి.

మా లైనులో నా పక్కన సెల్వి నిలబడేది. జాఫ్నా తమిళురాలు, నాకంటే పదేళ్ళు చిన్న. నాకు తమిళం రాదు, ఆమెకు తెలుగు రాదు, ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు కలిపినా ఒక మనిషికి సరిపడేది కాదు. అయినా రోజంతా మాట్లాడుకునేవాళ్ళం. నా మాగాయ ఆమె తినేది, ఆమె తెచ్చిన కొబ్బరి సంబల్ పచ్చడి నేను తినేదాన్ని.

ఒకరోజు బెల్టు మీద నీలం నైలాన్ తాడు వచ్చింది. కొత్తది. ఎక్కడా పీచు లేవలేదు. దండేనికి నిక్షేపంగా పనికొస్తుంది. ప్లాంటునుంచి గుండుసూది కూడా ఇంటికి పట్టుకెళ్ళకూడదని రూలు. అది నాకు ఏనాడూ అర్థం కాని రూలు. వస్తువులు పాడవకుండా కాపాడే చోట, ఒక వస్తువుని కాపాడితే తప్పెలా అవుతుంది? తాడు తీసి నా పక్కనున్న కడ్డీకి చుట్టాను. పోయేటప్పుడు కోటు కింద పెట్టుకుందామని.

భోజనాలయ్యాక చోట్లు మారుస్తారు. నా చోటికి సెల్వి వచ్చింది, నేను అవతలి వైపు వెళ్ళాను. తాడు సంగతి మరిచిపోయాను. ఒక కొస జారి బెల్టు తిప్పే రోలర్‌లోకి పోయింది. కడ్డీ వంగింది, బెల్టు చిరిగింది, చప్పుడుకి అందరం వెనక్కి దూకాం. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. లైను మాత్రం ఆరోజు మళ్ళీ తిరగలేదు.

"ఎవరు కట్టారిది?" అని సూపర్‌వైజర్ అడిగాడు. ఆ చోట నిలబడింది సెల్వి. సెల్వి నాకేసి చూసింది. నేను ఆగిపోయిన బెల్టుకేసి చూశాను. ఆమె నా పేరు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. వారం తిరక్కుండా ఆమెను పనిలోంచి తీసేశారు.

తర్వాత ఒక్కసారే బస్సులో కనిపించింది. సీటులో జరిగి చోటిచ్చింది. "కీర్తన గుడ్?" అని అడిగింది. "గుడ్," అన్నాను. రెండు స్టాపుల తర్వాత నేను దిగాల్సిన చోటు కాకపోయినా దిగిపోయాను.

పనిలో తప్పులు అందరూ చేస్తారు. తాడు కట్టడం తప్పు, అది చిన్నది. అసలు తప్పు ఆ తర్వాత చేశాను. చేసేటప్పుడు దానికి రెండు సెకన్లు కూడా పట్టలేదు.

మనిషి లేని ఒడ్డు

కీర్తన మాంట్రియల్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. ఈ వేసవిలో ఉత్తర ధ్రువం దగ్గరి ఒక దీవికి వెళ్ళొచ్చింది. విమానాలు మారి మారి, ఆఖరున దగ్గరి ఊరి ఇన్యూట్ ఆదివాసులు పడవలో తీసుకెళ్తే చేరే ఒడ్డు. అక్కడ ఇల్లు లేదు, చెట్టు లేదు. ఏడాదిలో కొన్ని వారాలే మంచు తొలిగి ఇసక కనిపిస్తుందట. ఆ ఇసక నిండా ప్లాస్టిక్కేనట.

వచ్చేటప్పుడు మూడు మూటలు తెచ్చింది. ఒడ్డుకి ఈ చివరది ఒకటి, ఆ చివరది ఒకటి, ఏరు వచ్చి సముద్రంలో కలిసే చోటుది ఒకటి. టొరంటోలో దిగి మూడు రోజులు మా దగ్గరుండి, తర్వాత కారులో మాంట్రియల్ తీసుకెళ్దామని బేస్‌మెంట్‌లో పెట్టింది. దాని చదువంతా ఆ మూడు మూటల మీదే ఉంది. అందులో ఏరు దగ్గరిదే ముఖ్యం. నా చేతికి అందింది అదే.

మూట విప్పగానే మొదట చేతికి వచ్చింది నీలం తాడు. అదే తాడని కాదు. అలాంటి తాడు. ఎండకి వెలిసి, ఉప్పుకి బిరుసెక్కి, పాచి పట్టి ఉంది. దాన్ని అలా చూడలేకపోయాను. బియ్యం కడిగిన నీళ్ళు ఉంటే అందులో నానబెట్టాను. దాని తర్వాత మిగిలినవీ వేశాను. మొదలుపెట్టిన పని సగంలో ఆపే అలవాటు నాకు లేదు.

టీ ఇచ్చాక కీర్తన పక్కన కూర్చుని అడిగాను: "ఆ మురికిలో ఏముందే అంత?"

"పాచి చూస్తే అది ఎన్నాళ్ళు నీళ్ళలో ఉందో, ఏ సముద్రం నుంచి వచ్చిందో తెలుస్తుంది అమ్మమ్మా. అడుగున ఇసకలో బియ్యపు గింజకంటే చిన్న పీసెస్ ఉంటాయి. నేను కౌంట్ చేయాల్సింది అవే. పెద్దవి కాదు."

"అంటే నువ్వు ఏరేది మురికి. ప్లాస్టిక్ కాదు."

"రెండూ కలిపి."

"నాకు పంతొమ్మిదేళ్ళు రెండూ వేరు చెయ్యమని చెప్పారు."

"తెలుసు. నీ తప్పని అనట్లేదు."

"ఇందాక అన్నావుగా."

"ఇందాక అన్నాను," అంది. నవ్వలేదు.

"మనిషే లేని చోటికి ఇదంతా ఎలా పోయింది?"

"కరెంట్స్. సముద్రంలో నీటి ప్రవాహాలు తీసుకెళ్తాయి. చేపల బోట్లనుంచి కొంత, షిప్స్‌నుంచి కొంత, ఊళ్ళనుంచి కొంత."

"మా బేళ్ళనుంచా?"

"ఐ డోంట్ నో అమ్మమ్మా. ఎవరూ చెప్పలేరు."

ఎవరూ చెప్పలేనిది తెలుసుకోవడానికే ఇది అంత దూరం వెళ్ళింది. చెప్పగలిగేది ఏదైనా ఉంటే ఆ పాచిలో ఉంది. దాన్ని నేను వెన్న చాకుతో గీకేశాను. ఇందులో ఎవరిది బుద్ధి తక్కువో నాకు తెలియడం లేదు. శుభ్రం చెయ్యడం మంచిదని చిన్నప్పటినుంచి నేర్పినవాళ్ళదా, నేర్చుకున్న నాదా, కంపుకొట్టే మూటని అమ్మమ్మ ఉన్న ఇంట్లో తాళం లేకుండా పెట్టిన దానిదా?

"పోనీ, మేడమ్‌కి ఉన్నదున్నట్టు చెబితే ఏమవుతుంది?" అన్నాను.

"ఆ మూట లెక్కలోంచి తీసేస్తారు. నా మీద నమ్మకం పోతుంది. మళ్ళీ పంపిస్తారో లేదో తెలీదు. తడిసిందంటే యాక్సిడెంట్ అనుకుంటారు."

"మూట ఫ్లైట్‌లో తడిసిందంటే, తప్పు ఎవరి మీదకి పోతుంది?"

కీర్తన టీ కప్పు కింద పెట్టింది. "పడవలో తెచ్చి ప్యాక్ చేసిన వాళ్ళ మీదకి. ఊరివాళ్ళు ఇద్దరు. సరిగ్గా సీల్ చేయలేదంటారు."

"వాళ్ళు చేశారా?"

"చాలా బాగా చేశారు."

అప్పుడు దానికి సెల్వి సంగతి చెప్పాను. మా అమ్మాయికి కూడా ఇంతవరకు చెప్పలేదు. కీర్తన విని, "నువ్వా?" అంది. చెప్పి మంచిపని చేశానో, దాని కళ్ళలో పలచనై పోయానో తెలియలేదు. అన్నం తిని ఎవరి గదిలోకి వాళ్ళం వెళ్ళిపోయాం.

మర్నాడు పొద్దున

పొద్దున్నే కీర్తన ఫోన్‌ని వంటింటి బల్ల మీద పెట్టి మేడమ్‌కి చేసింది. మూట సంగతి మొదలుపెట్టి ఆగిపోయింది. నేను ముందుకి వంగాను.

"మేడమ్, ఐ వాష్. నాట్ హర్. మీ, గ్రాండ్‌మదర్."

మేడమ్ ఏ సబ్బు వాడారని అడిగింది.

"నో సోప్. రైస్ వాటర్."

నీళ్ళు వేడివా, చల్లవా, ఎంతసేపు, దేనితో గీకారు, ఆ నీళ్ళు ఎక్కడ పోశారు అని వరసగా అడిగింది. తిట్టలేదు. నేను చెప్పినవన్నీ రాసుకుంటున్నట్టు కీబోర్డు చప్పుడు వినిపించింది. తిడితే బాగుండేది, తిట్లకి ఏం చెయ్యాలో నాకు తెలుసు.

ఆ మూట లెక్కలోకి రాదని మేడమ్ చెప్పింది. జరిగింది జరిగినట్టు నోట్సులో రాయమంది. మిగతా రెండు మూటలు విప్పకుండా తెమ్మంది. వచ్చే వేసవిలో ఏరు దగ్గరికి మళ్ళీ వెళ్ళడం కుదురుతుందో లేదో ఇప్పుడే చెప్పలేనంది. మడిలో మట్టి తేవాలా అని కీర్తన అడిగితే, ఇక దానితో పనిలేదంది.

మూడు రోజులుంటానన్న కీర్తన, ఫోన్ పెట్టేశాక మొహం కడుక్కుని అప్పుడే రెండు మూటలు కారులో పెట్టుకుంది. నేను మాగాయ సీసా, పెరుగు డబ్బాలో పులిహోర ఇచ్చాను. డబ్బా చూసి, "కడిగిందేనా?" అంది. అది నవ్విందో లేదో నేను సరిగా చూడలేదు. కారు మలుపు తిరిగింది.

వెనక్కి వచ్చి గోంగూర మడి చూశాను. ఆకుల మొదళ్ళలో తెల్లవి, నీలానివి చిన్న చిన్న నలుసులు మెరుస్తున్నాయి. వేళ్ళతో ఏరబోయాను. ఏరినకొద్దీ ఉన్నాయి. అది వండి పెట్టలేను. మొక్కలన్నీ మట్టితో సహా పీకి కట్ట కట్టాను.

ఆరోజు చెత్త బండి వచ్చే రోజు. కట్ట పట్టుకుని ఇంటి ముందుకి వెళ్ళాను. ఆకుపచ్చ డబ్బాలో వేద్దామంటే, అది ఎరువయ్యి ఇంకొకరి మడిలోకి పోతుంది. నీలం డబ్బాలో ఆకులు వెయ్యకూడదు. నల్ల డబ్బాలో వేస్తే లారీ ఎక్కి ఎక్కడికి పోతుందో తెలియదు. మూడు మూతలూ ఎత్తి చూశాను. బండి వచ్చింది, ఆగింది, ఒక్కొక్క డబ్బానీ ఎత్తి దులుపుకుని పక్కింటికి వెళ్ళిపోయింది.

గోంగూర కట్ట నా చేతిలోనే ఉంది.